నర్సింగ్ హోముల్లో పెద్దవాళ్ల తరఫున నిలబడే అంబుడ్స్‌మన్‌లకు ప్రభుత్వం డబ్బు ఇవ్వాలా? మీరేమంటారు?

వరద గోదారి (న్యూజెర్సీ)

ఈ వేదికలో అమ్మానాన్నల గ్రీన్ కార్డు గురించి, మెడికేర్ (పెద్దవాళ్లకి ప్రభుత్వ ఆరోగ్య బీమా) గురించి ఎన్నో చర్చలు నడిచాయి. నర్సింగ్ హోముల మాట మాత్రం ఎవరూ ఎత్తరు. ఎత్తినా ‘మనవాళ్లు పెద్దవాళ్లని అలాంటి చోట ఉంచరులే’ అనేస్తారు. ఉంచుతున్నారండీ. తుంటి ఎముక విరిగి మంచం పట్టినవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు, మతిమరుపు ముదిరి రాత్రిళ్లు తలుపు తీసుకుని వెళ్లిపోయేవాళ్లు ఉంటారు. ఇంట్లో చూసుకోవడం ఇక సాధ్యం కాక, ఏడ్చుకుంటూ తీసుకెళ్లి చేర్పించిన మన కుటుంబాలు నాకు తెలుసు.

నేను కొన్నేళ్లుగా మా రాష్ట్ర లాంగ్ టర్మ్ కేర్ అంబుడ్స్‌మన్ ఆఫీసుకి వాలంటీరుగా పనిచేస్తున్నాను. శిక్షణ ఇచ్చి, గుర్తింపు కార్డు ఇస్తారు. ముందుగా చెప్పకుండా నర్సింగ్ హోముకి వెళ్తాం. గదుల్లోకి వెళ్లి పక్కన కూర్చుని ఎలా ఉన్నారని అడుగుతాం. స్నానం చేయించి వారమైందని ఒకరంటారు. బెల్లు కొడితే గంటకి కూడా ఎవరూ రారని ఇంకొకరు. వినికిడి యంత్రం లాండ్రీలో పోయిందని, పక్క మంచం ఆయన రాత్రంతా టీవీ పెడతాడని, నన్ను వేరే చోటికి పంపేస్తామంటున్నారని... ఆ మనిషి సరేనంటేనే మేం యాజమాన్యంతో మాట్లాడతాం. వద్దంటే ఆ మాట మా దగ్గరే ఆగిపోతుంది. ఈ సేవకి పైసా తీసుకోం. మెడికెయిడ్ (ఆదాయం తక్కువున్నవాళ్లకి ప్రభుత్వ బీమా) మీద ఉన్నా, సొంత డబ్బు కడుతున్నా, ఇమిగ్రేషన్ కాగితాలు ఏ స్థితిలో ఉన్నా అందరికీ ఒకటే.

ఇది ఊరికే రాలేదు. 1970 జనవరిలో ఒహాయోలోని మరియెట్టాలో ఒక నర్సింగ్ హోము తగలబడి 30 మందికి పైగా చనిపోయారు. అలాంటి ఘోరాలు, పత్రికల్లో వచ్చిన కథనాలు చూసి నిక్సన్ ప్రభుత్వం 1972లో కొన్ని రాష్ట్రాల్లో ఈ అంబుడ్స్‌మన్ పద్ధతిని ప్రయోగంగా మొదలుపెట్టింది. 1978లో ఓల్డర్ అమెరికన్స్ యాక్ట్‌ని సవరించి ప్రతి రాష్ట్రంలోనూ తప్పనిసరి చేశారు. ఇప్పుడు దేశంలో దాదాపు 15,000 నర్సింగ్ హోములు, వాటిలో 12 లక్షల మందికి పైగా ఉన్నారు. అసిస్టెడ్ లివింగ్ వాళ్లు, అంటే రోజువారీ పనుల్లో కొంత సాయం దొరికే వసతి గృహాల్లో ఉండేవాళ్లు, అదనం. అంబుడ్స్‌మన్‌ల దగ్గరికి ఏటా సుమారు 2 లక్షల ఫిర్యాదులు వస్తాయి.

మరి వీటన్నిటికీ మనుషులెంతమంది? ప్రతి 2,000 మంచాలకీ కనీసం ఒక పూర్తికాలపు ఉద్యోగి ఉండాలని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 1995లోనే చెప్పింది. ముప్పై ఏళ్లు దాటినా చాలా రాష్ట్రాలు ఆ లెక్క దగ్గరికి కూడా రాలేదు. ఓల్డర్ అమెరికన్స్ యాక్ట్ చివరి పొడిగింపు 2024 సెప్టెంబరు 30తో ముగిసింది. ఆ తర్వాత డబ్బంతా ఏటేటా బడ్జెట్ మీదే ఆధారపడింది. 2025 మార్చిలో ఈ పనిని చూసే ఫెడరల్ విభాగాన్ని, అంటే అడ్మినిస్ట్రేషన్ ఫర్ కమ్యూనిటీ లివింగ్‌ని, విడగొడతామని ప్రకటించారు. ఏప్రిల్‌లో బయటికొచ్చిన ఆరోగ్య శాఖ ముసాయిదా బడ్జెట్‌లో అయితే ఈ కార్యక్రమానికి ఇచ్చే డబ్బే ఎత్తేయాలని ఉంది. ముసాయిదాయే కావచ్చు, కానీ ఎవరో కూర్చుని అలా రాశారు కదా. అప్పట్నుంచి నాకు టెన్షన్‌గానే ఉంది.

ఈ డబ్బు తగ్గకూడదు, పెరగాలి. ఇది నా గట్టి అభిప్రాయం. మీరేమంటారు?

ప్లేనో శేఖర్

మీరు చేస్తున్న పనికి నమస్కారం అండీ. అయినా ఒక ప్రశ్న. నర్సింగ్ హోముల మీద రాష్ట్ర ఇన్‌స్పెక్టర్లు ఉన్నారు. సీఎంఎస్ (మెడికేర్, మెడికెయిడ్‌లని చూసే ఫెడరల్ సంస్థ) జరిమానాలు వేస్తుంది, స్టార్ రేటింగులు ఇస్తుంది, వెబ్‌సైట్‌లో అన్నీ పెడుతుంది. లైసెన్సు తీసేసే అధికారం రాష్ట్రానికుంది. అంబుడ్స్‌మన్‌కి జరిమానా వేసే అధికారం కూడా లేదు. మరి ఒకే చోటికి రెండు ఆఫీసులు ఎందుకు? నెలకి 8,000, 10,000 డాలర్లు వసూలు చేసే హోములు ఉన్నాయి. ఖర్చు వాళ్ల దగ్గర రాబట్టాలి గానీ టాక్స్ కట్టేవాళ్ల మీద వేయడం నాకు నచ్చదు.

హన్మకొండ అమ్మాయి

శేఖర్ గారూ, నేనూ ఇంతకు ముందు ఇలాగే అనుకునేదాన్ని. మా నాన్నగారి విషయం చెప్తాను. హోము పేరు, ఊరు చెప్పను.

నాన్నకి స్ట్రోక్ వచ్చి ఆసుపత్రి నుంచి నేరుగా రిహాబ్ (కోలుకోవడానికి ఇచ్చే థెరపీ) కోసం నర్సింగ్ హోముకి పంపారు. నాన్నకున్న మెడికేర్‌లో మొదటి 20 రోజులు పూర్తిగా వాళ్లే ఇస్తారు, 21 నుంచి 100వ రోజు దాకా రోజుకింత అని మనం కట్టాలి, ఆ తర్వాత ఏమీ రాదు. ఈ 100 రోజులు మనకి ఖాయం అనుకున్నాం. మధ్యలోనే ఒకరోజు సోషల్ వర్కర్ వచ్చి, ‘ఆయనలో ఇంకేం మెరుగుదల కనిపించట్లేదు, మెడికేర్ ఆపేస్తున్నాం, ఎల్లుండి ఇంటికి తీసుకెళ్లండి’ అంది. ఇంట్లో మెట్లు. నాన్న లేచి నిలబడలేరు. అమ్మ వల్ల కాదు. నేను ఆఫీసులో బాత్రూమ్‌లోకి వెళ్లి ఏడ్చాను.

హోము నోటీసు బోర్డు మీద అంబుడ్స్‌మన్ నంబరు ఉంటే ఫోన్ చేశాను. ఆవిడ సాయంత్రమే తిరిగి ఫోన్ చేసి మూడు సంగతులు చెప్పింది. ఒకటి, మెడికేర్ ఆగడం వేరు, హోము ఖాళీ చేయించడం వేరు. ఖాళీ చేయించాలంటే మామూలుగా 30 రోజుల ముందు కాగితం మీద నోటీసు ఇవ్వాలి, కారణం రాయాలి, అప్పీలు హక్కు రాయాలి, దాని నకలు అంబుడ్స్‌మన్ ఆఫీసుకీ పంపాలి. రెండు, మెరుగుదల లేదన్న ఒక్క కారణంతో మెడికేర్ ఆపకూడదు, 2013లో జిమ్మో కేసులో ప్రభుత్వమే ఒప్పుకుంది. మెడికేర్ ఆపొద్దని వెంటనే చేసే ఫాస్ట్ అప్పీలుకి ఎవరికి ఫోన్ చేయాలో, ఏ టైములోపు చేయాలో చెప్పింది. మూడు, మెడికెయిడ్‌కి వెంటనే దరఖాస్తు పెట్టమంది. అది పరిశీలనలో ఉన్నంతకాలం డబ్బు కట్టలేదని బయటికి పంపే వీలు లేదు.

మర్నాడు ఆవిడ స్వయంగా వచ్చింది. నాన్నని అడిగింది, ‘మీకు ఇక్కడ ఉండాలని ఉందా?’ అని. అప్పటిదాకా ఎవరూ నాన్నని అడగలేదు, నేను కూడా.

నాన్నని పంపలేదు. ఇన్‌స్పెక్టరుకి ఫిర్యాదు చేస్తే ఎల్లుండి లోపల వస్తారా చెప్పండి.

ప్లేనో శేఖర్

రారు, ఒప్పుకుంటాను. నాన్నగారు ఇప్పుడెలా ఉన్నారండీ? కానీ ఖర్చు ఎవరు పెట్టాలన్న నా ప్రశ్న అలాగే ఉంది. హోముల మీదే ఫీజు వేస్తే?

వరద గోదారి

హన్మకొండ అమ్మాయి గారు చెప్పినదే మా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో ఏళ్ల తరబడి ముందు వరసలో ఉంది. ఖాళీ చేయించడం. మెడికేర్ రోజుల్లో హోముకి ఎక్కువ డబ్బు వస్తుంది, మెడికెయిడ్‌లో తక్కువ. అందుకే మంచం ఖాళీ చేయించి కొత్త మెడికేర్ పేషెంటుని తెచ్చుకోవాలని కొందరు చూస్తారు. నర్సింగ్ హోముల్లో పదిమందిలో ఆరుగురికి పైగా మెడికెయిడ్ మీదే ఉన్నారు. వీళ్లలో ఎంతమందికి నోటీసు చదివి అర్థం చేసుకునే కూతురు ఉంది?

శేఖర్ గారూ, ఇన్‌స్పెక్టరుకీ అంబుడ్స్‌మన్‌కీ పని వేరు. ఇన్‌స్పెక్టరు రూల్ ఉల్లంఘన జరిగిందా లేదా అని చూస్తాడు. ఋజువైతే హోము మీద చర్య. అక్కడితో ఆయన పని అయిపోయింది. ఒక ముసలావిడకి సాయంత్రం ఆరింటికే పడుకోబెట్టేస్తున్నారన్న బాధ ఉందనుకోండి, అది ఏ ఉల్లంఘన కిందా రాకపోవచ్చు. మేం వెళ్లి మాట్లాడి, కేర్ ప్లాన్‌లో, అంటే ఆవిడని ఎలా చూసుకోవాలో రాసుకునే కాగితంలో, ‘తొమ్మిదింటికి పడుకుంటుంది’ అని రాయిస్తాం. దానికి జరిమానా అక్కర్లేదు.

ఫీజు సంగతి. ఒహాయోలో చట్టం ప్రకారం హోములు మంచానికి ఇంతని ఏటా రుసుము కడతాయి, అది అంబుడ్స్‌మన్ కార్యక్రమానికి వెళ్తుంది. నాకు అభ్యంతరం లేదు. కానీ ఆ డబ్బు ముందు ప్రభుత్వ ఖజానాలోకి రావాలి, చట్టసభ కేటాయించాలి. హోము చేతి నుంచి నేరుగా మా చేతికి వచ్చిందంటే, రేపు నేను ఆ హోములో అడుగుపెట్టినప్పుడు మంచం మీద ఉన్న మనిషి నన్ను నమ్మడు. 2015లో వచ్చిన ఫెడరల్ నిబంధనల్లో సగం గొడవ దీని గురించే. అంబుడ్స్‌మన్‌కి హోముతో డబ్బు సంబంధం ఉండకూడదు. అంబుడ్స్‌మన్ ఆఫీసు లైసెన్సులిచ్చే శాఖలోనే ఉంటే, దానివల్ల వచ్చే ఇబ్బందిని గుర్తించి తొలగించాలి.

నైట్‌షిఫ్ట్ నర్స్

నేను ఇలాంటి హోములోనే ఆర్.ఎన్.గా (రిజిస్టర్డ్ నర్సుగా) చేస్తున్నాను. మా వైపు నుంచి కూడా నాలుగు మాటలు.

ఫిర్యాదు వచ్చిందంటే మా మేనేజరు ముందు అడిగేది కిందిస్థాయి సీఎన్ఏలని (నర్సింగ్ సహాయకులని). ఒక్కో సీఎన్ఏ చేతిలో రాత్రిపూట ఇరవై మంది దాకా ఉంటారు. ఇద్దరు ఒకేసారి బెల్లు కొడితే ఒకళ్లు ఆగాల్సిందే. ఆవిడ బద్ధకస్తురాలు కాదు, మనుషులు లేరు. 2024లో సీఎంఎస్ ఒక రూల్ తెచ్చింది, ఒక్కో నివాసికి రోజుకి 3.48 గంటల నర్సింగ్ సేవ ఉండాలని. 2025 ఏప్రిల్‌లో టెక్సస్‌లో ఫెడరల్ కోర్టు దాన్ని కొట్టేసింది. మేం ఎదురుచూసినది అలా పోయింది.

అంబుడ్స్‌మన్ వస్తే నాకు సంతోషమే. మంచి అంబుడ్స్‌మన్ సీఎన్ఏని తప్పుపట్టదు, ‘ఈ వింగులో ఎంతమంది డ్యూటీలో ఉన్నారు?’ అని యాజమాన్యాన్ని అడుగుతుంది. మేం అడిగితే ఉద్యోగం పోతుంది. కానీ ఒక్క మాట, కోపం తెచ్చుకోకండి వరద గోదారి గారూ. మా దగ్గరికి వచ్చేది పగటిపూట, వారం మధ్యలో. అప్పుడు థెరపిస్టులు, యాక్టివిటీ వాళ్లు, డైరెక్టరు అందరూ ఉంటారు. హాలు కళకళలాడుతుంది. ఆదివారం రాత్రి రెండింటికి వచ్చి చూడండి.

వరద గోదారి

కోపం ఎందుకండీ, ఉన్నమాటే చెప్పారు. మా ప్రాంతంలో జీతం మీద ఉన్నవాళ్లు కొద్దిమంది. ఒక్కొక్కరి కింద పదుల కొద్దీ హోములు. సమావేశాలు, అప్పీలు హియరింగులు, కాగితాలు అన్నీ పగలే. రాత్రి రమ్మంటే వాళ్లకి అదనపు జీతమో, అదనపు మనిషో కావాలి. నేను డబ్బు పెంచాలంటున్నది ఇందుకే.

బే ఏరియా బాబాయ్

2020 మార్చి 13న సీఎంఎస్ ఆదేశంతో నర్సింగ్ హోముల తలుపులు మూసేశారు. కుటుంబాలకే కాదు, అంబుడ్స్‌మన్‌లకి కూడా. సెప్టెంబరులో గానీ నిబంధనలు కాస్త సడలలేదు. ఆ నెలలన్నీ మా అత్తగారిని కిటికీ అద్దంలోంచి చూశాం. ఆవిడకి ఫోన్ పట్టుకోవడం కూడా రాదు. లోపల ఏం జరుగుతోందో చూసే మూడో మనిషి లేడు. దేశం మొత్తం మీద దీర్ఘకాల సంరక్షణ కేంద్రాల్లో నివాసులు, సిబ్బంది కలిపి 2 లక్షల మందికి పైగా కోవిడ్‌తో పోయారు.

అప్పుడు ప్రభుత్వానికి గుర్తొచ్చింది. 2020లో కోవిడ్ సాయం కోసం తెచ్చిన కేర్స్ యాక్ట్‌లో అంబుడ్స్‌మన్‌లకి 2 కోట్ల డాలర్లు, 2021 అమెరికన్ రెస్క్యూ ప్లాన్‌లో ఇంకో కోటి డాలర్లు ఇచ్చారు. మంచిదే. కానీ అది ఒక్కసారి డబ్బు. దాంతో టాబ్లెట్లు కొనొచ్చు, మాస్కులు కొనొచ్చు. ఏటా వస్తుందన్న నమ్మకం లేకపోతే కొత్త ఉద్యోగిని ఎవరు తీసుకుంటారు? కోవిడ్‌లో వాలంటీర్లు చాలామంది మానేశారు. వాళ్లలో ఎక్కువమంది రిటైరైన పెద్దవాళ్లే, భయం ఉంటుంది కదా. మళ్లీ కొత్తవాళ్లని వెతికి శిక్షణ ఇవ్వడానికి కూడా ఒక మనిషికి జీతం కావాలి. పోసిన నీళ్లు పోసినట్టే ఇంకిపోయే ఇసుకలో మొక్క నాటినట్టుంది ఈ ఒక్కసారి గ్రాంట్ల వ్యవహారం.

కావలి కుర్రాడు

వరద గోదారి అక్కా, మా అమ్మమ్మకి ఇంగ్లిష్ రాదు. వచ్చేనెల షార్లెట్ దగ్గర ఒక హోములో చేర్చాల్సివచ్చేలా ఉంది. పూర్తి శాకాహారి, గుడ్డు కూడా తినదు. ఏదైనా నొప్పి అంటే ‘అబ్బా అమ్మా’ తప్ప ఏమీ అనదు. ఇలాంటివాళ్లకి అంబుడ్స్‌మన్ ఏమైనా చేయగలరా? చేర్చేటప్పుడు నేనేం చూసుకోవాలి?

వరద గోదారి

చేయగలరమ్మా. మెడికేర్, మెడికెయిడ్ డబ్బు తీసుకునే ఏ హోమైనా భాష రాని నివాసికి దుబాసీ ఏర్పాటు చేయాలి, ఫోన్లో అయినా సరే. నువ్వు పక్కనుంటే నువ్వే చెప్పెయ్ అంటారు. ఒప్పుకోకు. నీ ముందు అమ్మమ్మ కొన్ని చెప్పదు. తిండి విషయం కేర్ ప్లాన్‌లో రాయించు. ‘వెజిటేరియన్’ అని ఒక్క మాట రాస్తే ఆమ్లెట్ వస్తుంది, చికెన్ బ్రాత్‌తో చేసిన సూప్ వస్తుంది. గుడ్డు వద్దు, మాంసం ఉడికించిన నీళ్లు వద్దు, పెరుగన్నం కావాలి, ఇలా విడమర్చి రాయించు. కేర్ ప్లాన్ మీటింగుకి నువ్వు ఫోన్లో అయినా కూర్చో.

చేర్పించేరోజు సంతకాలకి కాగితాల కట్ట ఇస్తారు. అందులో ఆర్బిట్రేషన్ ఒప్పందం ఉంటే జాగ్రత్త. గొడవొస్తే కోర్టుకి వెళ్లనని రాసివ్వడం అది. 2019 నుంచి ఉన్న నిబంధన ప్రకారం అది సంతకం చేస్తేనే చేర్చుకుంటామని అనకూడదు. తెలియక చేసినా 30 రోజుల్లో వెనక్కి తీసుకోవచ్చు. ఇంకొకటి, ‘రెస్పాన్సిబుల్ పార్టీ’ అని నీ పేరు రాసి బిల్లుకి నిన్ను పూచీదారు చేసే మాటలుంటే కొట్టేయించు. ఇంటివాళ్ల సొంత పూచీ అడగడానికి వాళ్లకి చట్టం ఒప్పుకోదు.

నీ జిల్లా అంబుడ్స్‌మన్ ఎవరో తెలియకపోతే ఎల్డర్‌కేర్ లొకేటర్ 1-800-677-1116కి ఫోన్ చెయ్యి, చెప్తారు.

సత్తెనపల్లి మాస్టారు

నేను ఇండియా నుంచి చదువుతున్నాను. ఇక్కడ తల్లిదండ్రుల పోషణ గురించి 2007 చట్టం ఉంది. తిండి పెట్టని కొడుకు మీద ఆర్డీవో ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు, లాయర్లు లేకుండా. పెద్దవాళ్ల కోసం హెల్ప్‌లైన్, ఎల్డర్‌లైన్ 14567 ఉంది, ఫోన్ చేస్తే పలుకుతారు. అయితే ఆ చట్టం ఎక్కువగా పిల్లల గురించి, ఆస్తి గురించి. హైదరాబాదు చుట్టూ డబ్బు తీసుకుని నడిపే వృద్ధాశ్రమాలు ఇన్ని వచ్చాయి, పిల్లలు అమెరికాలో, తల్లిదండ్రులు అక్కడ. వీడియో కాల్ చేసినప్పుడు మంచి చీర కట్టి కూర్చోబెడితే ఎవరికి తెలుస్తుంది? గదిలోకి వెళ్లి తలుపేసుకుని ‘నిజం చెప్పమ్మా’ అని అడిగే హక్కున్న మనిషిని ప్రభుత్వం జీతమిచ్చి పెట్టడం నాకు చాలా నచ్చింది. మీరు అక్కడ పోగొట్టుకోకండి. ఇక్కడ మేం అడగడానికి ఒక ఉదాహరణ అయినా ఉండాలి.

ప్లేనో శేఖర్

మాస్టారి మాట ఆలోచింపజేసింది. ఇంకో సందేహం. అంతా వాలంటీర్లతోనే ఎందుకు నడపకూడదు? మన గుళ్లలో ఎంతమంది సేవ చేస్తున్నారు. మన సంఘాల వాళ్లే వెళ్లి పలకరించొచ్చు కదా.

హన్మకొండ అమ్మాయి

పలకరించడానికి వెళ్లొచ్చండీ, వెళ్లాలి కూడా. కానీ హోము వాళ్లు ఆ నోటీసు గురించి వాదించినప్పుడు నా పక్కన నిలబడింది జీతం తీసుకునే ఉద్యోగిని. ఆవిడకి రూల్ నంబర్లు నోటికొచ్చు. తలుపు దగ్గర ఎవరూ ఆపలేరు, చట్టం ఆవిడకి లోపలికి వెళ్లే హక్కు ఇచ్చింది. నివాసి ఒప్పుకుంటే రికార్డులు చూసే హక్కు ఇచ్చింది. గుడి నుంచి వచ్చిన మనకి అవేమీ ఉండవు.

ఇంకో సంగతి. నాన్న మొదట ఫిర్యాదు వద్దన్నారు. ‘నువ్వు సాయంత్రం వెళ్లిపోతావు, రాత్రి నన్ను తిప్పి పడుకోబెట్టేది వాళ్లే’ అన్నారు. అంబుడ్స్‌మన్ ఆవిడ ఆయన్ని తొందరపెట్టలేదు. తర్వాత కూడా ఊరికే పలకరించడానికి అన్నట్టు వచ్చేది. ఆవిడ వస్తోందని అక్కడివాళ్లకి తెలియడమే నాన్నకి ధైర్యం. ఎవరికో తీరికైనప్పుడు కాకుండా అలా పదేపదే రావాలంటే అది ఒకరి ఉద్యోగం అయివుండాలి.

నైట్‌షిఫ్ట్ నర్స్

నూటికి నూరుపాళ్లు. కక్షసాధింపు నిషేధమని కాగితం మీద ఉంది. కానీ కక్ష అంటే కొట్టడమే కాదు, బెల్లుకి ఆలస్యంగా రావడం కూడా. అది ఎవరూ నిరూపించలేరు. తరచుగా వచ్చే మనిషి కంటే మంచి మందు దానికి లేదు.

ప్లేనో శేఖర్

సరే. ఫెడరల్ డబ్బు విషయంలో నా అభిప్రాయం పూర్తిగా మారలేదు, రాష్ట్రాలే ఎక్కువ భరించాలని ఇప్పటికీ అంటాను. హోముల మీద రుసుము వేసి ఖజానా ద్వారా ఇవ్వడం న్యాయంగా తోస్తోంది. మా టెక్సస్‌లో చట్టసభ మామూలు సమావేశాలు బేసి సంవత్సరాల్లోనే ఉంటాయి, జనవరి నుంచి 140 రోజులు. శాఖలు తమ బడ్జెట్ అడిగే కాగితాలు దానికి ముందు ఏడాదిలోనే తయారుచేస్తాయి. సభ మొదలయ్యాక వెళ్తే ఆలస్యమే. మా ప్రతినిధి ఆఫీసుకి రాయాలంటే ఏం రాయాలి?

వరద గోదారి

చాలా సంతోషం శేఖర్ గారూ. పొడుగ్గా వద్దు, ఒక పేజీ చాలు. మొదటి వరసలోనే మీరు ఆ నియోజకవర్గంలో ఓటరని, ఏ వీధిలో ఉంటారో రాయండి. మూడు అడగండి. మన రాష్ట్రంలో ఎన్ని మంచాలకి ఒక పూర్తికాలపు అంబుడ్స్‌మన్ ఉన్నారు? 1995 సిఫారసు 2,000కి ఒకరు కదా, ఆ తేడా పూడ్చడానికి రాష్ట్రం సొంతంగా ఎంత పెడుతోంది? ఫెడరల్ డబ్బు ఆగితే ఏం చేస్తారు? మీ హోముల రుసుము ఆలోచన కూడా అందులోనే పెట్టండి. జవాబు రాకపోతే రెండు వారాలాగి ఫోన్ చేయండి. ఫెడరల్ సంగతికి మీ కాంగ్రెస్ సభ్యుడు, ఇద్దరు సెనేటర్ల ఆఫీసులు. ఓటు లేని గ్రీన్ కార్డు వాళ్లు, హెచ్1 వాళ్లు కూడా ఫోన్ చేయొచ్చు, అక్కడ నివసించేవాళ్లందరి మాటా వాళ్లు రాసుకుంటారు.

హన్మకొండ అమ్మాయి గారూ, మీ నాన్నగారి సంగతి పేర్లు లేకుండా రాసివ్వగలరా? ఆయన్ని అడిగి, ఆయన సరేనంటేనే.

హన్మకొండ అమ్మాయి

ఆదివారం వెళ్తున్నాను, అడుగుతాను.